ఇంకు నింపిన సాయంత్రం

మా వదిన సోఫాలో ఒక పక్కకి ఒరిగి కూర్చుని ఉంది. పొత్తికడుపు మీద వేడినీళ్ళ సంచి, దాని మీద ఫోను. నేను చెప్పులు విప్పేలోపే అడిగింది.

"తేలిందా?"

"ముందు కాసిని మంచినీళ్ళు తాగనివ్వండి వదినా."

"తాగు. తాగి చెప్పు."

తాగాను. గ్లాసు కడిగి బోర్లించాను. బోర్లించిన గ్లాసు తీసి మళ్ళీ కడిగాను. మా వంటింట్లోంచి ఎటు వెళ్ళాలన్నా హాల్లో సోఫా ముందునుంచే వెళ్ళాలి. ఇల్లు చూసుకున్నప్పుడు ఆ సంగతి ఎవరమూ ఆలోచించలేదు.

వదిన మా ఆయనకి అక్క. గర్భసంచిలో గడ్డలు. నెలలో సగం రోజులు రక్తం పోతూనే ఉంటుంది. మొహం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. ఆపరేషన్ కోసం మా ఇంటికి వచ్చి పదహారు రోజులైంది. తారీకు ఇచ్చారు, వాయిదా వేశారు. మళ్ళీ ఇచ్చారు, మళ్ళీ వేశారు. డాక్టరమ్మ ఉంది, మత్తు ఇచ్చే ఆయన ఉన్నాడు, మంచం ఉంది. లేనిదల్లా మంచం మీద పరవడానికి ఉతికిన దుప్పటి. ఆసుపత్రి పక్కబట్టలూ ఆపరేషన్ గౌన్లూ అన్నీ ఉతికేది ఊరి చివర ఉన్న ఒకే ఒక లాండ్రీ. అందులో పనివాళ్ళు పంతొమ్మిది రోజులుగా సమ్మెలో ఉన్నారు. మిగిలిన కాసిని గుడ్డలూ ప్రాణం మీదికొచ్చిన కేసులకే వాడుతున్నారు.

ఆ సమ్మె తేల్చడానికి ప్రభుత్వం తరఫున మధ్యవర్తిగా కూర్చున్నది నేను.

"పక్క జిల్లా ఆసుపత్రి వాళ్ళు గురువారం చేస్తామన్నారు," అంది వదిన. "వస్తున్నామో లేదో ఆరింటిలోపు చెప్పాలిట. లేకపోతే ఆ రోజు ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఇప్పుడు అయిదున్నర."

"మీ ఇష్టం వదినా."

"నా ఇష్టం నేనెందుకు అడుగుతాను నిన్ను? నీకు తెలిసింది అడుగుతున్నాను. సమ్మె తేలిపోతుందంటే ఇక్కడే ఆగుతా, నా డాక్టరమ్మ చేతే చేయించుకుంటా. తేలదంటే నాలుగు గంటలు బస్సులో కుదుపులు తిని, మొహం తెలీని డాక్టరు ముందు పడుకుంటా. ఇందులో దాచాల్సిందేముంది?"

"అక్కడ విన్నది బయట అనకూడదు. అంతే."

"అనకు. తల ఊపు."

"అదీ కూడదు."

"పోనీ కళ్ళు? కళ్ళార్పినా ఉద్యోగం ఊడుతుందా?"

మా ఆయన పేపరు వెనకనుంచి, "వదిలెయ్యవే అక్కా," అన్నారు. "నేను పనిచేసే కంపెనీ గొడవ వీళ్ళ ఆఫీసుకే వెళ్తే, మాకు షిఫ్టులు మారాయని నేను గేటు మీద నోటీసు చూసి తెలుసుకున్నాను. ఈవిడ ఆ రాత్రి నాకు చపాతీలు వడ్డిస్తూ వాన గురించి మాట్లాడింది."

"నోరు మెదపని పెళ్ళాం కావాలన్నావు, దొరికింది. అనుభవించు," అంది వదిన.

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ఆవిడ చూపు నా మొహం మీదే ఉంది.

మా పని ఎలా ఉంటుందంటే, రెండు గదులు, మధ్యలో వరండా. ఒక గదిలో కంపెనీ, ఇంకో గదిలో యూనియన్. నేను ఈ గదిలోంచి ఆ గదిలోకీ, ఆ గదిలోంచి ఈ గదిలోకీ. అవతలికి మోసుకెళ్ళమన్న మాటలు నోటుబుక్కులో రాసుకుంటాను. మోసుకెళ్ళవద్దన్నవి ఎక్కడా రాసుకోను. గొడవ తేలాక ఆ నోటుబుక్కు కాగితాలు కూడా ఇద్దరి ఎదుటా చింపేస్తాను. మా ముందు చెప్పింది ఎక్కడికీ పోదు అన్న నమ్మకం ఒక్కటే మాకున్న సరుకు. అది లేకపోతే మేం టీలు తెప్పించే ఆఫీసు మాత్రమే.

ఈ గొడవ ఎర్ర సంచుల దగ్గర మొదలైంది. అంటురోగాల వార్డు గుడ్డలు ఎర్ర సంచుల్లో కట్టి పంపాలి. మూతులు సరిగ్గా కట్టకుండా వస్తున్నాయి, లోపల సూదులుంటున్నాయి. మందపాటి గ్లౌజులు ఇస్తేగానీ ముట్టుకోమని గుడ్డలు వేరుచేసే ఆడవాళ్ళు ఆరుగురు చేతులు కట్టుకుని నిలబడ్డారు. సూపర్‌వైజరు నలుగురిలో అనకూడని మాట అని, ఆరుగుర్నీ సస్పెండ్ చేయించాడు. మర్నాటికి మొత్తం లాండ్రీ ఆగిపోయింది.

వదిన నన్ను నిలదీసిన ఆ రోజే, నాలుగింటికి లాండ్రీ మేనేజరు తలుపు వేయించి నాతో అన్నాడు: "ఆరుగుర్నీ తీసుకుంటాం. గ్లౌజులకీ సంచులకీ ఇబ్బంది లేదు. సూపర్‌వైజరు చేత క్షమాపణ కాగితం రాయించడం మాత్రం మా వల్ల కాదు. కానీ ఈ మాట ఇప్పుడే ఆ గదిలో పడకూడదు. రేపు పొద్దున్న మా యజమాని సరే అన్నాక నేనే చెప్తాను."

నాలుగూ ఇరవైకి యూనియన్ గదిలో వాళ్ళ నాయకురాలు రోలరక్క అంది. ఆవిడ ఇరవై రెండేళ్ళుగా ఇస్త్రీ రోలరు మీద దుప్పట్లు నడుపుతోంది, మోచేతి దాకా కాలిన మచ్చలు, అసలు పేరుతో పిలిచేవాళ్ళే లేరు. "ఆరుగురూ, గ్లౌజులూ, మూతి కట్టిన సంచులూ. ఈ మూడూ వస్తే క్షమాపణ కాగితం లేకపోయినా నేను సర్దిచెప్పుకుంటాను. నేను తగ్గానని తెలిస్తే ఇంకా తగ్గమంటారు. రేపటిదాకా మీ కడుపులో పెట్టుకోండి మేడం."

అంటే ఇద్దరూ ఒకచోటికే వచ్చేశారు. వచ్చిన సంగతి ఇద్దరికీ తెలీదు. తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. సోఫాలో కూర్చున్న మనిషికి "ఆగండి" అని ఒక్క మాట అంటే చాలు.

అనలేదు. గడియారం అయిదూ నలభై. హాల్లో నిలబడలేక లోపలి గదిలోకి వెళ్ళాను. చేతులు ఊరుకోవు కదా, సొరుగు లాగి ఇంకు సీసా, పెన్ను తీశాను. ఆ పెన్ను మా పాత ఆఫీసరు రిటైరవుతూ ఇచ్చింది. ఒప్పందాల మీద మాత్రమే దానితో సంతకం చేస్తాను. ఎప్పుడూ నింపి ఉంచితే సంచిలో కారుతుంది కాబట్టి, సంతకాలు ఖాయమనిపిస్తే ముందురోజు సాయంత్రం మాత్రమే నింపుతాను. పద్నాలుగేళ్ళ అలవాటు. దాన్ని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు, చెప్పులు ఏ కాలికి ముందు వేసుకుంటామో ఆలోచించనట్టే.

తల తిప్పితే గుమ్మం పట్టుకుని వదిన.

"ఇంకు పోస్తున్నావా?"

"ఊఁ."

పెన్ను కేసి చూసింది. నా కేసి చూసింది. వెళ్ళిపోయింది.

హాల్లోంచి వినిపించింది. "మేం రావడం లేదండీ. ఆ రోజు వేరేవాళ్ళకి ఇచ్చెయ్యండి." తర్వాత ఇంకో ఫోను, గొంతు తగ్గించి. అది వినపడలేదు.

నేను పరుగున వచ్చాను. వేళ్ళ నిండా ఇంకు. "వద్దన్నారేం వదినా?"

"మీ ఇష్టం అన్నావుగా. నా ఇష్టప్రకారం వద్దన్నాను."

వారం తర్వాత మొదటిసారి ఆవిడ కడుపునిండా తింది. నాకు మాత్రం ముద్ద దిగలేదు. ఏదో తప్పు చేసినట్టుంది, ఏం తప్పో తెలీడం లేదు. తెలీడం లేదని అనుకున్నాను. తెలుసుకోవాలనుకోలేదన్నది సరైన మాట.

మర్నాడు నేను ఆఫీసుకి వెళ్ళేసరికి అటెండరు బల్ల తుడిచి, స్టాంపు ప్యాడు పెట్టి ఉంచాడు. రోలరక్క పది నిమిషాలు ముందే వచ్చింది. రోజూ కుర్చీ అంచున కూర్చునే మనిషి ఇవాళ వెనక్కి ఆనుకుని కూర్చుంది.

"మేడం, క్షమాపణ కాగితం కావాలి. సూపర్‌వైజర్ని కూడా అక్కణ్ణించి మార్చాలి."

"నిన్న మీరు..."

"నిన్నటి మాట నిన్న. వాళ్ళు దిగొచ్చారటగా?"

"ఎవరన్నారు?"

"వార్డులో ఆయా. మా ఆరుగురిలో ఒకామెకి స్వయానా అక్క. ఎవరో పేషంటు నర్సుకి ఫోన్ చేసిందట, రేపు సంతకాలైపోతాయి, నా పేరు అందరికన్నా ముందు రాయి అని." కుర్చీలో ముందుకి వంగింది. "ఆ పేషంటు మేడంగారింటి మనిషట."

"వస్తాను" అని వరండాలోకి వచ్చాను. అవతలి గది తలుపు దగ్గర మేనేజరు నిలబడే ఉన్నాడు.

"నేను చెప్పింది మీకొక్కరికే," అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. "ఇవాళ పొద్దున్న గేటు దగ్గర ఆడవాళ్ళు చప్పట్లు కొడుతున్నారు. మా యజమాని ఫోన్ చేసి, నువ్వు ఎవరి తరఫున జీతం తీసుకుంటున్నావని అడిగాడు నన్ను."

అయిదు నిమిషాలు అడిగి వరండా చివరికి వెళ్ళి ఇంటికి ఫోన్ చేశాను.

"నిన్న రెండో ఫోను ఎవరికి వదినా?"

"నర్సుకి. ఏం?"

"సంతకాలవుతాయని మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నువ్వు ఇంకు పోశావు. కిందటేడు నేను వచ్చినప్పుడు రెండుసార్లు పోశావు. రెండుసార్లూ మర్నాడు ఇంటికొచ్చి మధ్యాహ్నందాకా పడుకున్న మనిషిలా తేటగా ఉన్నావు. నువ్వు చెప్పావని నేను ఎవరితోనూ అనలేదమ్మా, ఒట్టు."

"అనక్కర్లేదు వదినా. మీరెవరింట్లో ఉంటున్నారో అందరికీ తెలుసు."

"అయితే ఆగిపోయిందా?"

"తెలీదు."

"ఆ పక్క జిల్లా వాళ్ళకి మళ్ళీ చేసి చూడనా?"

"చెయ్యండి."

పావుగంటలో మెసేజి పెట్టింది. గురువారం ఎవరికో ఇచ్చేశారు. మళ్ళీ నెలా పదిరోజుల తర్వాతే.

వరండాలో ఇటూ అటూ తిరిగాను. నేను ఒక్క మాట కూడా బయట అనలేదు అని రెండు గదుల్లోనూ చెప్పొచ్చు. అది నిజమే. నిజమే గానీ, వాళ్ళు అడుగుతున్నది అది కాదు. పెన్ను సంగతి చెబితే? ఒక్కవైపు ఒప్పుకుంటే నేను ఇంకు పొయ్యను. ఇద్దరూ ఒప్పుకున్నప్పుడే పోస్తాను. అంటే పెన్ను సంగతి చెప్పడమంటే ఇద్దరి గుట్టూ ఇద్దరికీ చెప్పడమే. చెప్పకపోతే నేను మేనేజరు మాట మోసుకెళ్ళానన్న మచ్చ నిలిచిపోతుంది, ఇక ఈ ఆఫీసు మెట్లెక్కి ఎవరూ నోరు విప్పరు. ఎటు తిరిగినా గోడే.

నా తప్పు మట్టుకు చెబుదాం, వాళ్ళ మాటలు వాళ్ళ దగ్గరే ఉంచుదాం అనుకుని మేనేజరు గదిలోకి వెళ్ళాను. చెప్పాను. పెన్ను, ఇంకు, గుమ్మంలో ఆడపడుచు. ఎంత చిన్న సంగతో చెబుతుంటే నాకే సిగ్గేసింది.

"మిమ్మల్ని మార్చమని రాస్తాను. కాగితం ఇవ్వండి," అన్నాడు.

తెల్లకాగితాలు నేనే తెచ్చిచ్చాను. ఎవరి పేర రాయాలో చెప్పాను. సగం పేజీ రాసి ఆగాడు.

"కొత్త ఆఫీసరు ఎప్పుడొస్తారు?"

"పది రోజులు పట్టొచ్చు."

బాల్‌పెన్నుతో బల్ల మీద తట్టాడు. "మీరు ఇంకు ఎప్పుడు పోస్తారన్నారు?"

"సంతకాలవుతాయని నాకు గట్టిగా అనిపించినప్పుడు."

"నా ఒక్కడి మాట మీదే అలా అనిపిస్తుందా?"

"దానికి నేను జవాబు చెప్పనండీ."

"నిన్న నా దగ్గర్నుంచి వెళ్ళి ఆ గదిలో ఎంతసేపున్నారో నేను గడియారం చూశాను."

"దానికీ చెప్పను."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సరే. వాళ్ళేమంటారో చూడండి."

రోలరక్క అంతా విని ముందు పకపకా నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసింది.

"అంటే మేం దిగొచ్చిన సంగతి కూడా ఆ పెన్నులోనే ఉందన్నమాట."

నేను మాట్లాడలేదు.

"ఊరుకోవడం కూడా మాట్లాడ్డమేలెండి మేడం. ముప్పయ్యేళ్ళు కాపురం చేశాను, నాకు తెలీదా?" లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. "నాకిప్పుడు వచ్చిన చిక్కు మీకు అర్థమవుతోందా? గెలిచేశామని గేటు దగ్గర చప్పట్లు కొడుతున్నారు. క్షమాపణ కాగితం కూడా తెస్తానని పొద్దున్న మాటిచ్చి వచ్చాను. ఇప్పుడు వట్టి చేతుల్తో వెళ్తే, అక్క అమ్ముడుపోయిందంటారు."

"తప్పు నాదని నేను వచ్చి చెప్పనా?"

"మీరొస్తే ఇంకా నాశనం. మూడింటిదాకా టైమివ్వండి."

పన్నెండు. ఒంటిగంట. అన్నం డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టేశాను. ఫైలు తెరిచి ఒకే పేజీ నాలుగుసార్లు చదివాను. మేనేజరు తన గదిలో అడుగులు వేస్తున్న చప్పుడు గోడలోంచి వస్తోంది. ఎనిమిది అటు, ఎనిమిది ఇటు.

అటెండరు తలుపులోంచి తొంగి చూశాడు. "మేడం, స్టాంపు ప్యాడు ఉంచనా, తీసెయ్యనా?"

"ఉంచు. వద్దు, తియ్యి. ఎవరికీ కనపడకుండా తియ్యి. అసలు అది పొద్దున్నే ఎందుకు పెట్టావు నువ్వు?"

"సంతకాలున్న రోజు పెడతానుగా మేడం."

"ఇవాళ ఉన్నాయని నీకెవరు చెప్పారు?"

"నిన్న మీరు వెళ్తూ వెళ్తూ మెట్ల మీద ఏదో కూనిరాగం తీశారు." ఆగి, నోటి మీద చెయ్యేసుకున్నాడు. "అయితే ఇన్నాళ్ళూ నేను కూడా అందరికీ చెప్పేస్తున్నానా మేడం?"

నేను రెండు చేతుల్తో తల పట్టుకున్నాను.

మూడూ పదికి రోలరక్క వచ్చింది. మొహమంతా చెమట. గొంతు బొంగురుపోయింది.

"కాగితం వద్దు. సూపర్‌వైజర్ని మార్చక్కర్లేదు. కానీ ఆ ఆరుగురూ పనిలోకి వచ్చే రోజు, గ్లౌజులు స్టోర్లోంచి విసిరెయ్యకూడదు. ఆ సూపర్‌వైజరే గేటు దగ్గర నిలబడి, ఒక్కొక్కళ్ళ చేతికీ ఒక్కొక్క జత ఇవ్వాలి. అందరూ చూస్తుండగా. నోటితో ఏమీ అనక్కర్లేదు."

"ఇది మోసుకెళ్ళొచ్చా?"

"మోసుకెళ్ళండి. రాసుకోండి కూడా."

రాసుకుని వెళ్ళాను. మేనేజరు యజమానికి ఫోన్ చేశాడు. నలభై నిమిషాలు. మధ్యలో ఒకసారి "అయ్యా, ఆసుపత్రి వాళ్ళు ఇంకో లాండ్రీ వెతుక్కుంటున్నారు" అనడం వినిపించింది. బయటికొచ్చి తల ఊపాడు. ఆ తల ఊపుని కూడా మాటల్లో చెప్పమన్నాను. చెప్పాడు. అప్పుడే ఆ గదిలోకి వెళ్ళాను.

అయిదింటికి సంతకాలయ్యాయి. నా సంతకం అటెండరు బాల్‌పెన్నుతో చేశాను. నోటుబుక్కు కాగితాలు ఇద్దరి ఎదుటా ముక్కలు చేశాను. మేనేజరు లేచి, జేబులోంచి మడత కాగితం తీశాడు. ఎప్పుడు పూర్తి చేశాడో, రెండో పేజీ చివర సంతకం కూడా ఉంది.

"అది వేరు, ఇది వేరు," అన్నాడు.

"అవునండీ," అన్నాను. నా మీద వచ్చిన ఫిర్యాదు నేనే తీసుకుని, ఆఫీసు ముద్ర వేసి, నంబరు వేసి, అందినట్టు రసీదు రాసిచ్చాను.

రోలరక్క గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "మీ మీద కోపం లేదు మేడం. మీరు ఒప్పుకున్నారు, చాలామంది ఒప్పుకోరు. కానీ ఈసారి ఏదైనా గొడవతో వస్తే, మీకు చెప్పేది కాస్త మిగుల్చుకుని చెప్తాను."

ఆ మాట ముందు ఫిర్యాదు కాగితం బరువే అనిపించలేదు.

ఇంటికి వెళ్తే వదిన ఏమీ అడగలేదు. అప్పటికే వార్డులోంచి ఫోనొచ్చిందట.

"సోమవారం అన్నారు," అంది గోడకేసి చూస్తూ.

"మంచిది వదినా."

"నీ ఉద్యోగానికి..."

"సంజాయిషీ అడుగుతారు. ఆ తర్వాత చూడాలి."

"నేనొచ్చి చెప్తాను. తప్పు నాదని."

"ఇంకు పోసింది నేనండీ."

సోమవారం ఆపరేషన్ బాగానే జరిగింది. ఉతికి, రోలరు మీద నడిపిన తెల్లటి దుప్పటి మీద పడుకోబెట్టారు వదినని. నా కళ్ళు దాని అంచు మీదే ఉన్నాయి.

ఆపరేషనయ్యి మూడు వారాలైంది, ఆవిడ ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఇప్పుడు నేను రోజూ సాయంత్రం అయిదున్నరకి పెన్ను నింపుతున్నాను. గొడవ తేలినా తేలకపోయినా, అసలు గొడవే లేకపోయినా. నిన్నటి ఇంకు కడిగేసి, మళ్ళీ నింపి, ఆవిడకి కనిపించేలా కిటికీలో పెడుతున్నాను. "ఈ ఇంటికి పాలకన్నా ఇంకు ఎక్కువ తెస్తున్నాను" అని మా ఆయన గొణుగుతున్నారు. సంజాయిషీ నోటీసు వచ్చింది. జవాబు రాసి పంపాను. తిరుగు జవాబు ఇంకా రాలేదు. రోజూ పోస్టు వచ్చే వేళకి నా ప్రాణం గుమ్మంలో నిలబడుతుంది.

నిన్న ఆఫీసునుంచి వచ్చి మంచినీళ్ళు తాగి, వంటింట్లో ఉన్నాను. హాల్లో సోఫా మీద వదిన కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. నిద్రపోతోందనుకున్నాను.

"గ్లాసు రెండోసారి కడుగుతున్నావు," అంది కళ్ళు తెరవకుండానే. "కడుపులో ఏదో పెట్టుకునొచ్చావు. అడగన్లే."

నేను కుళాయి కట్టేశాను.